పుర్రె నవ్వు ఎవరి మీద?

కిందటి నవంబరులో మా జిల్లా శాఖ జరిపిన కవిసమ్మేళనంలో ఒక యువకవి మెక్సికో మీద కవిత చదివాడు. పూలటోపీ పెట్టుకున్న పుర్రె, చావుతో పాచికలాడే ప్రజ, సమాధుల మీద పాట - ఇవీ అందులోని పదచిత్రాలు. మృత్యువును చూసి నవ్వగలిగిన జాతి తుపాకిని చూసి జంకదు అన్నది కవిత సారాంశం. చప్పట్లు బాగా పడ్డాయి. నేనూ కొట్టాను. చర్చ దగ్గరకు వచ్చేసరికి మాత్రం లేచి, ఆ టోపీ పుర్రె మొదట నవ్వింది ధనికుల మీద కాదేమోనని ఒక్క మాట అన్నాను. అధ్యక్షులు వేళ మించిపోయిందన్నారు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. కవి మిత్రుడు నన్నొక ఛాందసుడి కింద జమకట్టినట్టు అతని ముఖం చూస్తేనే తెలిసింది.

అతని మీద ఫిర్యాదుగా ఈ వ్యాసం రాయడం లేదు. అతనికి ఆ బొమ్మను అందించింది నాబోటివాళ్ళమే. పదేళ్ళ క్రితం మా శాఖ వేసిన కవితాసంకలనానికి అదే పుర్రెను ముఖచిత్రంగా వేయించి, 'దోపిడీ వర్గపు దొరసానిని అస్థిపంజరంగా గీసిన ప్రజాచిత్రకారుడు' అని లోపలి పేజీలో రాసింది నేనే. రివేరా మీద చదివిన ఒకటి రెండు పుస్తకాల ధైర్యంతో రాశాను. మూలం చూడలేదు. పద్యం ఎక్కడిదో, ఎవరు ఎవరితో అంటున్నారో చూడకుండా అర్థం చెప్పొద్దని పిల్లలను రోజూ మందలించే పంతులు చేయవలసిన పని కాదది.

ముందు సంగతేమిటో చెప్పుకుందాం. నవంబరు ఒకటి, రెండు తేదీలు కాథలిక్ పంచాంగంలో సకల పునీతుల దినం, సకల ఆత్మల దినం. మెక్సికోలో మొదటి రోజు చనిపోయిన పిల్లలది, రెండో రోజు పెద్దలది అని వాడుక. ఇంట్లో ఒక బల్ల మీద, తాహతుంటే మెట్లు మెట్లుగా కట్టి, పోయినవారి ఫోటోలు పెడతారు. దాన్ని ఓఫ్రెంద అంటారు. సమర్పణ అని అర్థం. మనవాళ్ళు ఇంగ్లీషు మాటను పట్టుకొని దీన్ని 'బలిపీఠం' అని అనువదిస్తున్నారు. అక్కడ బలి ఏమీ లేదు. ఒక గ్లాసుడు నీళ్ళు, కాస్త ఉప్పు, కొవ్వొత్తులు, కోపల్ అనే చెట్టుబంకతో వేసే ధూపం, పైన ఎముకల ఆకారం అద్దిన తీపి రొట్టె, కత్తిరించిన రంగుకాగితాల తోరణాలు, పోయినవాడికి ఇష్టమైన వంటకం, తాగే అలవాటుంటే ఒక సీసా, కాల్చే అలవాటుంటే సిగరెట్లు. వచ్చే ఆత్మకు దారి తెలియాలని గుమ్మం దగ్గరనుంచి బల్లదాకా బంతిపూల రేకులు పరుస్తారు.

ఆ బంతి మన బంతే. నిజానికి వాళ్ళ బంతే మనదయింది. ఆ మొక్క పుట్టినిల్లు మెక్సికో. సముద్రాలు దాటి వచ్చి మన గుమ్మాలకెక్కింది. నావాతల్ భాషలో దాని పేరుకు 'ఇరవై పువ్వు' అని అర్థం. రేకులు లెక్కకు మించినవి అన్నట్టు. ఇంతదాకా వచ్చాక మన పెత్రమాసతో పోల్చాలని ఎవరికైనా నాలుక దురద పెడుతుంది. నాకూ పెట్టింది. పోలిక మొదలుపెడితే రెండూ ఒకటేనని తేల్చేసి రెంటినీ చూడడం మానేస్తాం కనుక ఆ జోలికి పోను.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బల్ల మీది ఫోటోకు పేరుంది. ఆమె ఫలానావాళ్ళ అమ్మమ్మ. ఆమెకు కారం ఎక్కువ వేసిన కూర ఇష్టం. పుర్రె బొమ్మ అలాటిది కాదు. దానికి పేరు ఉండదు, ఉంటే తరచుగా బతికున్నవాడి పేరే ఉంటుంది. సంతలో అమ్మే చక్కెర పుర్రె నుదుట పేరు రాయించి మిత్రుడికి ఇవ్వడం అక్కడి సరదా. ఒకటి పోయినవాళ్ళను తలుచుకోవడం, ఇంకొకటి ఉన్నవాళ్ళను వేళాకోళం చెయ్యడం. రెండూ ఒకే రోజున, పక్కపక్కనే జరుగుతాయి. కానీ ఒకటి కావు. చనిపోయిన పసిబిడ్డ ఫోటో ముందు పాలగ్లాసు పెట్టే తల్లిని చావును చూసి నవ్వుతున్నదనడం మూర్ఖత్వం. ఆ రెంటినీ కలిపి ఒకే సంచిలో కట్టడం వల్లనే 'మృత్యువును చూసి నవ్వే జాతి' పుట్టింది. పాపం, మా యువకవి ఆ సంచినే విప్పాడు.

పుర్రెల సంగతికి వద్దాం. వీటిని ప్రపంచమంతా ఎరిగేలా చేసినవాడు హోసే గ్వాదలూపే పోసాద. ఆగ్వాస్కాలియెంతేస్ పట్టణంలో 1852లో, రొట్టెలు కాల్చేవాడి ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే స్థానిక పత్రికలో రాజకీయ వ్యంగ్యచిత్రాలు వేశాడు. తర్వాత లియోన్ నగరంలో అచ్చుపని చేశాడు, అక్కడి బడిలో కొన్నాళ్ళు లితోగ్రఫీ కూడా నేర్పాడు. ఆ విధంగా మా వృత్తివాడే. 1888లో లియోన్‌ను వరద ముంచింది. ఆ తర్వాత రాజధానికి వచ్చి, ఆంతోనియో వనేగాస్ అర్రోయో అనే ప్రచురణకర్త దగ్గర కుదిరాడు. పలచటి రంగుకాగితం మీద, తగరం సీసం కలిపిన లోహపుపలక మీద చెక్కిన, లేదా జింకు మీద ఆమ్లంతో కొరికించిన బొమ్మ, కింద పద్యాలు, చిల్లర డబ్బులకు వీధుల్లో కేకలేసి అమ్మేవాళ్ళు. హత్యలు, వరదలు, ఉరిశిక్షలు, పునీతుల మహిమలు, ప్రేమలేఖల నమూనాలు, అన్నీ ఆ దుకాణం సరుకే. నవంబరు వచ్చిందంటే పుర్రెల పద్యాలు. వీటికి కలవేరలని పేరు. పుర్రె అన్నా అదే మాట, పద్యమన్నా అదే మాట.

పోసాద 1913 జనవరిలో పేదవాడుగా చనిపోయాడు. ఊరి శ్మశానంలో ఆరో తరగతి గోతిలో పూడ్చారు. ఏడేళ్ళు గడిచాక అడిగే నాథుడు లేక ఆ ఎముకలను తవ్వి ఉమ్మడి గోతిలో వేశారు. ఆయన పెట్టిన లెక్కలేనన్ని అస్థిపంజరాలు కాగితం మీద మిగిలాయి, ఆయనది ఏదో ఎవరికీ తెలియదు.

ఇక టోపీ పుర్రె. దాని అసలు పేరు కలవేర కత్రీన కాదు, కలవేర గర్బన్సేర. గర్బన్సో అంటే పెద్ద శనగ. శనగలమ్మే మనిషి అన్న మాటను, ఒంట్లో ఉన్నది నేటివ్ రక్తమే అయినా దాన్ని దాచుకొని యూరపు వేషాలు వేసేవారికి, ముఖ్యంగా పనిమనుషులకు, సంతలో సరుకమ్ముకునే ఆడవాళ్ళకు, ఎత్తిపొడుపుగా వాడేవారు. ఆ బొమ్మతో కాగితం వెలువడింది 1913లో, పోసాద పోయిన తర్వాత. దాని కింది పద్యాలు ఎత్తుమడమల జోళ్ళు తొడుక్కుని, ముఖానికి పొడి అద్దుకుని తిరిగే పనిపిల్లలను ఆటపట్టిస్తాయి. ఎంత సింగారించుకున్నా చివరికి పుర్రెవే కదా అంటాయి. బొమ్మలో ఉన్నది తల మాత్రమే: ఈకల టోపీ, పూలు, పళ్ళు. ఒళ్ళు లేదు, గౌను లేదు.

ఒళ్ళూ గౌనూ ఇచ్చినవాడు డియేగో రివేరా. మెక్సికో సిటీలోని ఒక హోటలు గోడ మీద 1947లో ఆయన వేసిన పదిహేను మీటర్ల చిత్రంలో, అలమేద ఉద్యానవనంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మెక్సికో చరిత్ర అంతా షికారుకు వస్తుంది. సరిగ్గా నడుమ ఈ పుర్రె, పాదాలదాకా వేలాడే దుస్తులతో, మెడచుట్టూ ఈకల పాముతో నిలుచుంటుంది. ఒక పక్క పోసాద ఆమె మోచేయి పట్టుకున్నాడు. రెండో పక్క ఆమె చేయి పట్టుకున్న పిల్లవాడు రివేరాయే. సోకుమనిషిని స్పానిష్‌లో కత్రీన్ అంటారు. దాని స్త్రీలింగమే కత్రీన. గర్బన్సేరకు ఆ పేరు స్థిరపడింది ఆ గోడ తర్వాతనే. 1985 భూకంపంలో ఆ హోటలు దెబ్బతింది. గోడను ఊడదీసి పక్కనే మ్యూజియం కట్టి పెట్టారు.

చూడండి ఎంత దూరం నడిచిందో. ఇంటిపనిపిల్లను గేలిచేసిన తల, ముప్పైనాలుగేళ్ళు తిరిగేసరికి ఇంటి యజమానురాలయింది. కిందికి చూసి నవ్విన నవ్వు పైకి చూసి నవ్వింది. దీన్ని నేను దొంగతనం అనడం లేదు. రివేరా కమ్యూనిస్టు, ఆయనకొక పూర్వీకుడు కావలసివచ్చాడు. యూరపు అకాడమీల్లో కాక సందుగొందుల్లో పనిచేసిన పూర్వీకుడు. జాన్ షార్లో అనే చిత్రకారుడు 1920ల్లో పోసాదను వెలికితీశాక, 1930లో వచ్చిన పెద్ద పుస్తకానికి రివేరా పీఠిక రాసి ఆయనను విప్లవ చిత్రకారుడుగా నిలబెట్టాడు. పాత వస్తువును తిరగేసి కొత్త అర్థం పోయడం కళాకారుడి హక్కు. విమర్శకుడికి ఆ హక్కు లేదు. రివేరా చెప్పినదాన్ని పోసాద చెప్పాడని రాసిన తప్పు నాది.

ఈ తేడా ఎందుకింత పట్టించుకోవాలని అడగవచ్చు. పనిపిల్ల దొరసాని టోపీ పెట్టుకుంటే వచ్చే నవ్వు ఏ దేశంలోనైనా చవకగా దొరికే నవ్వు. కూలివాళ్ళ పిల్ల ఇంగ్లీషు ముక్క తప్పు పలికినప్పుడు నేను పనిచేసిన ఒక బడి స్టాఫ్‌రూములో అదే నవ్వు విన్నాను. మొదట్లో అందులో నేనూ కలిశాను. ప్రజల మధ్య పుట్టింది గనక ప్రజలవైపే ఉంటుందనుకోవడం మన విమర్శకు పాత జబ్బు. జానపదం అనగానే కళ్ళు మూసుకుని దండం పెట్టేస్తాం. సంతలో అమ్ముడుపోయే కాగితం సంతలో ఉన్న అన్ని దురభిప్రాయాలనూ మోస్తుంది. వనేగాస్ అర్రోయో వ్యాపారి. దియాస్ నియంతృత్వాన్ని ఎద్దేవా చేసిన అచ్చు యంత్రం మదేరోనూ ఎద్దేవా చేసింది, మహిమలనూ అమ్మింది. 'ఉయెర్తా కలవేర' అని ప్రసిద్ధమైన బొమ్మ ఒకటుంది. పురుగులు పాకే కళ్ళతో సాలెపురుగులాటి పుర్రె. నియంత ఉయెర్తా మీద పోసాద దెబ్బ అని అనేక పుస్తకాల్లో కనిపిస్తుంది. ఉయెర్తా అధికారం లాక్కున్నది 1913 ఫిబ్రవరిలో. పోసాద అంతకు ముందు నెలలోనే పోయాడు. ఆ బొమ్మ ఆయనదే అయినా ఆ పేరు ఆయనది కాజాలదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, అయినా మనం చూడం.

అలాగని పోసాదను తక్కువ చేయబోతున్నానని అనుకోవద్దు. ఆయన గొప్పతనం మనం వెతికే చోట లేదు, అంతే. సైకిలు తొక్కే పుర్రెలు, గుర్రమెక్కి మిగతా ఎముకలను చెల్లాచెదురు చేసే కిహోటే పుర్రె, వీధులూడ్చే పుర్రెలు. ఈ చివరిది నాకు మిక్కిలి ఇష్టం. చావు అందరినీ సమానం చేస్తుందని వేదాంతులు చెబుతారు. పోసాద అస్థిపంజరాలు సమానంగా లేవు. ఊడ్చేవాడి చేతిలో చచ్చాక కూడా చీపురే ఉంది. సైన్యాధికారికి పతకాలు ఎముకల మీదనే వేలాడుతున్నాయి. చర్మం, జుట్టు, ముఖకవళిక అన్నీ తీసేసినా మనిషిని వాడి పనిముట్టు పట్టిస్తుంది. వేదాంతం చెప్పిన సమత్వాన్ని చూపించబోయి సమాజంలో ఉన్న అసమత్వాన్ని చూపించిన బొమ్మ అది. ఆయన ఉద్దేశించాడా అంటే, ఉద్దేశించనవసరం లేదు. చేతిపని చేసేవాడు గనక పనిముట్టు గీయకుండా మనిషిని గీయడం రాదు.

పద్యరూపం కూడా మన సాహిత్య విద్యార్థులు చూడదగినది. కలవేర అంటే బతికున్నవాడికి రాసే ఉత్తుత్తి సమాధి పద్యం. నలుగురూ ఎరిగినవాడై ఉండాలి, మంత్రి గానీ సంపాదకుడు గానీ. పద్యంలో వాడు తన గుణం వల్లనే చావాలి: లంచగొండి బరువైన సంచి కింద పడి, మాటకారి ఊపిరాడక. నేటికీ నవంబరు రెండున అక్కడి పత్రికలు వీటిని వేస్తాయి, బడిపిల్లలు పంతుళ్ళ మీద రాస్తారు. మన చాటువులో ఈ చురుకుంది. తిట్టుపద్యంతో మాత్రం ఒక తేడా ఉంది. తిట్టుపద్యం 'నాశనమైపో' అని శపిస్తుంది. కలవేర శాపం పెట్టదు. పని అయిపోయినట్టు కబురు చెబుతుంది. నియంతల కాలంలో ఆ భూతకాలపు క్రియకు ఎంత బలమో ఊహించవచ్చు.

పోసాద తర్వాత ఈ పుర్రెను తెలిసి, ఎంచి, వర్గదృష్టితో వాడినవాళ్ళున్నారు. సెర్గీ ఐసెన్‌స్టీన్ 1931లో మెక్సికోలో తీసిన, పూర్తికాని చిత్రానికి చివరి ఘట్టం ఈ పండుగే. అందులో పుర్రె ముసుగులు తీస్తారు. శ్రమజీవి ముసుగు కింద నవ్వే ముఖం ఉంటుంది. ధనికుడి ముసుగు కింద మళ్ళీ పుర్రే ఉంటుంది. కొంచెం బడిపాఠంలా ఉందనిపిస్తుంది గానీ, పుర్రెలన్నీ ఒకటి కావని చెప్పినవాడు ఆయన. 1937లో లియోపోల్దో మెందేస్ మిత్రులతో కలిసి పెట్టిన ప్రజాచిత్ర కార్యశాల ఫాసిజానికి వ్యతిరేకంగా కలవేరలు అచ్చువేసింది. సరిహద్దుకు ఉత్తరాన, కాలిఫోర్నియాలోని మెక్సికన్ సంతతి చిత్రకారిణి ఎస్తెర్ హెర్నాందెస్ 1982లో వేసిన ఒక ముద్రణ చాలు ఈ వరసకు. ఎండుద్రాక్ష డబ్బా మీద ద్రాక్షబుట్ట పట్టుకుని నవ్వే అమ్మాయి బొమ్మ ఉంటుంది కదా, ఆ అమ్మాయిని అస్థిపంజరం చేసి, పండ్లకు కొట్టే పురుగుమందుల లెక్క కింద రాసింది. ఆమె పెరిగింది పొలంకూలీల ఇంట్లో. ఆ పుర్రె ఎవరిని చూసి నవ్వుతున్నదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు 'నవ్వే జాతి' అన్న మాట. దానికి పెద్ద ఆసరా ఆక్తావియో పాజ్. 1950లో ఆయన ప్రచురించిన 'ఏకాంతపు చిక్కుదారి' వ్యాసాల్లో, మెక్సికన్ చావుతో సరసమాడతాడు, దాన్ని పండుగ చేసుకుంటాడు అని రాశాడు. ఆ భాగాన్నే అందరూ ఎత్తిరాస్తారు. చావును లెక్కచేయకపోవడం బతుకును లెక్కచేయకపోవడం నుంచి వచ్చిందని అదే వ్యాసంలో ఆయనే అన్నాడు. ఇది ఎత్తిరాసేవాళ్ళు తక్కువ. ఆ రెండో మాట పట్టుకొని ఎవరి బతుకు, ఎవరు లెక్కచేయలేదు అని అడిగి ఉంటే వ్యాసం మరోలా నడిచేది. పాజ్ అడగలేదు, 'మెక్సికన్' అనే ఒకే మనిషిని ఊహించుకున్నాడు. హాసియెందా యజమానికీ, ఆ పొలంలో అప్పుకింద పుట్టిన కూలీకీ చావుతో ఒకే సరసం ఎలా కుదురుతుంది? ఆయనకు న్యాయం చేయడానికి ఇంకో మాట చెప్పాలి. 1968 అక్టోబరు 2న తలతెలోల్కో చౌకులో సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపినప్పుడు పాజ్ ఢిల్లీలో మెక్సికో రాయబారి. నిరసనగా ఆ పదవి వదులుకున్నాడు. చావు సరసం కాదని ఆరోజున ఆయనకు ఎవరూ చెప్పవలసిన పనిలేకపోయింది.

పాజ్ వ్యాసానికి నా దృష్టిలో సరైన జవాబు వ్యాసంగా రాలేదు, నవలగా వచ్చింది. హువాన్ రుల్ఫో 1955లో ప్రచురించిన 'పేద్రో పారమో'. ఇంగ్లీషు అనువాదంలో మూడుసార్లు చదివాను, మొదటిసారి ఎవరు బతికున్నారో ఎవరు చచ్చారో తెలియక చిరాకుపడ్డాను. తల్లి చనిపోతూ చెప్పిన మాటకోసం కొడుకు కొమాల అనే ఊరికి తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. ఊళ్ళో కలిసినవాళ్ళందరూ పోయినవాళ్ళే. గోడల్లోంచి గుసగుసలు. ఆ గుసగుసలకే అతనూ చస్తాడు. సగం నవల నుంచి గోతిలో పడుకునే మిగతా కథ వింటాడు. మాంత్రికత అని, వింత కథనమని మనవాళ్ళు దీని శిల్పాన్ని మెచ్చుకున్నారు. ఆ ఆత్మలు ఎందుకు తిరుగుతున్నవో అడిగినవాళ్ళు తక్కువ.

వాళ్ళకోసం ప్రార్థించే బతికున్న మనిషి లేడు గనక. నవలలో ఒక ఘట్టం ఉంది. ఆత్మహత్య చేసుకున్న ఒకామె కోసం ఆమె చెల్లెలు మతగురువు రెంతెరియాను బతిమాలుతుంది. ఆమెకు సద్గతి కలగాలంటే పూజలు చేయించాలి, దానికి డబ్బు కావాలి, ఆ పేదరాలి దగ్గర డబ్బు లేదు. అదే గురువు, తన అన్నను చంపి, అన్నకూతురిని చెరిచిన మిగేల్ పారమో శవానికి మొదట దీవెన నిరాకరించి, తర్వాత అతని తండ్రి ఇచ్చిన బంగారు నాణేలు అందుకుంటాడు. పోయినవాళ్ళను తలుచుకోవడానికి కూడా భూమి కావాలి, పైకం కావాలి. ఊరంతా ఒకడి పొలమైనప్పుడు ఊరి శ్మశానం కూడా వాడిదే. ఆరేళ్ళ వయసులో తండ్రిని హత్యలో కోల్పోయిన రుల్ఫోకు ఇది పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదు.

ఆ నవల్లోనే, సుసానా చనిపోయినప్పుడు గంటలు రోజుల తరబడి ఆగకుండా మోగుతాయి. చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ మోతకు వచ్చి చేరతారు. ఆటగాళ్ళు వస్తారు, వాద్యాలు వస్తాయి, సంతాపం తిరునాళ్ళవుతుంది. పేద్రో పారమో అది చూసి, చేతులు కట్టుకు కూర్చుంటాను, ఈ ఊరు ఆకలితో చస్తుందని శపథం చేస్తాడు. చేస్తాడు కూడా. చావును పండుగ చేసే జనాన్ని పాజ్ జాతి లక్షణంగా చూస్తే, రుల్ఫో ఆ పండుగ ఖరీదు ఎవరు కట్టారో చూపించాడు. ఇంతకన్నా పదునైన సాహిత్య విమర్శ నేను చదవలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. విప్లవానంతర ప్రభుత్వాలకు దేశమంతటికీ ఒకే జాతీయ సంస్కృతి కావలసివచ్చింది, ఈ పండుగను వేల ఏళ్ళనాటి అజ్‌తెక్ వారసత్వంగా బడిపుస్తకాల్లోకి ఎక్కించారు. అందులో పాతదెంత, స్పెయిను కాథలిక్కులు తెచ్చినదెంత అన్నది చరిత్రకారులు తేల్చుకుంటున్నారు. ఎల్సా మాల్విదో అనే చరిత్రకారిణి చాలావరకు యూరపు మధ్యయుగాల సరుకేనని వాదించింది. 2008లో యునెస్కో దీన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. 2013లో డిస్నీ సంస్థ పండుగ పేరునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోయి, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. 2015లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమా మొదట్లో మెక్సికో సిటీ వీధుల్లో పుర్రెల ఊరేగింపు కనిపిస్తుంది. అలాటి ఊరేగింపు అక్కడ అంతకుముందు లేదు. సినిమా చూసి వచ్చే యాత్రికులు నిరాశపడకూడదని 2016 నుంచి నగరపాలకులు నిజంగానే జరుపుతున్నారు. ఆ ఊరేగింపులో అందరూ కత్రీనలే. పేరున్న ఫోటో ఇంటి బల్ల మీద ఉండిపోయింది, పేరులేని పుర్రె రోడ్డెక్కింది.

అయితే ఫోటో పెట్టడానికీ వీల్లేని ఇళ్ళున్నాయి. 1975లో మోంతెరేయ్ నగరంలో రొసారియో ఇబార్రా అనే ఆమె కొడుకును, వైద్యవిద్యార్థిని, గెరిల్లా అన్న అనుమానంతో పోలీసులు పట్టుకుపోయారు. మళ్ళీ కనిపించలేదు. ఆమె తనలాటి తల్లులను కూడగట్టింది. 1978లో రాజధానిలోని పెద్ద చర్చి దగ్గర నిరాహారదీక్ష చేసింది. వాళ్ళ నినాదం ఒకటే: ప్రాణాలతో పట్టుకుపోయారు, ప్రాణాలతోనే అప్పగించండి. 2019లో దేశ సెనేటు ఆమెకు అత్యున్నత పతకం ఇస్తే, నిజం చెప్పిన రోజున తిరిగి ఇవ్వండని దాన్ని అధ్యక్షుడి దగ్గరే ఉంచింది. 2022లో ఆమె పోయింది. ఆ ఏడాది మే నెలలోనే అధికారిక పట్టికలో ఆచూకీ లేనివారి సంఖ్య లక్ష దాటింది.

ఆ నినాదం పలికినామె నవంబరు రెండున ఏం చేయాలి? కొడుకు ఫోటో ముందు నీళ్ళూ ఉప్పూ పెడితే, వాడు చనిపోయాడని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంటుంది, ఫైలు మూసేస్తుంది. పెట్టకపోతే, ఒకవేళ పోయి ఉంటే, వాడు దారి తెలియక ఏ గుమ్మం ముందు నిలబడతాడో. ఓఫ్రెంద గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తట్టని సంగతి ఇది. ఆ బల్లకు పూలూ ధూపమూ కాదు పునాది. ఫలానావాడు ఫలానా రోజున పోయాడన్న నిశ్చయం. ఆ నిశ్చయాన్ని కూడా అపహరించే రాజ్యం ఉంటుందని పండుగ ఏర్పరచినవాళ్ళు ఊహించి ఉండరు.

2014 సెప్టెంబరు 26 రాత్రి గెర్రేరో రాష్ట్రం ఇగ్వాలా పట్టణంలో, అయొత్జినాపా గ్రామీణ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థుల మీద పోలీసులు దాడి చేశారు. తలతెలోల్కో మృతుల సంస్మరణకు రాజధాని వెళ్ళడానికి ఆ పిల్లలు బస్సులు సమకూర్చుకుంటున్నారు. చచ్చిపోయిన విద్యార్థులను తలుచుకోవడానికి బయలుదేరినవాళ్ళు నలభైముగ్గురు మాయమయ్యారు. ఒక చెత్తగుట్ట మీద తగలబెట్టేశారని ప్రభుత్వం తేల్చింది. 2015లో స్వతంత్ర నిపుణుల బృందం ఆ కథకు శాస్త్రీయ ఆధారం లేదంది. ఇన్నేళ్ళలో ముగ్గురి అవశేషాలు మాత్రమే గుర్తించగలిగారు. ఆ కళాశాల ఆటస్థలంలో నలభైమూడు కుర్చీలు వేసి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కరి ఫోటో పెట్టారు. అవి ఓఫ్రెందలు కావు. కుర్చీ వేసింది వచ్చి కూర్చుంటారని. ఏటా కొత్త విద్యార్థులు చేరుతున్నారు, ఆ కుర్చీల పక్కనుంచే తరగతులకు పోతున్నారు. పల్లెబడులకు పంతుళ్ళు కావలసిన పిల్లల కుర్చీలవి. ఆ ఫోటో చూసిన రోజున నా తరగతిలో హాజరు పిలవడానికి కాస్త సమయం పట్టింది.

పోసాద పుర్రెకు ఇక్కడ నవ్వే అవకాశం లేదు. అది బతికున్నవాణ్ణి చచ్చినట్టు చూపగలదు, చచ్చినవాణ్ణి పని చేస్తున్నట్టు చూపగలదు. ఈ రెండూ కానివాణ్ణి చూపే రేఖ ఆ జింకుపలక మీద లేదు. దానికి ఏ రూపం కావాలో మెక్సికో చిత్రకారులు, కవులు వెతుకుతున్నారు. ఇప్పటికి దొరికిన వాటిలో నాకు బలంగా తోచినది ఆ తల్లిదండ్రులు వేసిన కుర్చీ.

మా సంకలనం రెండో ముద్రణ ఈ ఏడాది వేయాలని శాఖ తీర్మానించింది. ముఖచిత్రం మార్చమని నేను అడగలేదు, లోపలి పేజీలో నేను రాసిన రెండు వాక్యాలు మాత్రం తీసేసి, గర్బన్సేర ఎవరో మూడు వాక్యాల్లో రాసి ఇచ్చాను. యువకవి కవిత కూడా అందులో వస్తోంది. అతనికి ఉత్తరం రాశాను, టోపీ పుర్రె దగ్గర ఆగకుండా ఆ కుర్చీల దాకా వెళ్ళి చూడగలవా అని. పదిహేను రోజులైంది. జవాబు ఇంకా రాలేదు.